పొయ్యికి ముందు నాలుగు రోజులు

"మీ దుంపలకి మంచి రోజులొచ్చాయమ్మా! నిన్న సాయంత్రం హోటలు వాళ్ళొచ్చి గంప గంపంతా ఊడ్చుకుపోయారు. నీకివ్వడానికి ఒక్కటీ మిగల్లేదు."

మార్కెట్టులో దుంపలమ్మే ఆవిడ ఆ మాట సంతోషంగానే అంది. ప్రూఫమ్మ కూడా సంతోషంగానే విన్నది. పుస్తకాల బల్ల మీద నాలుగు పచ్చి దుంపలు పెడితే చూడ్డానికి బాగుంటుందని, ఇవాళ విందు జరిగే హోటలు హాలుకి వెళుతూ దారిలో ఆగింది. లేకపోతే పోనీ, దుంపలన్నీ మధ్యాహ్నం విందుకే పోయాయంటే అంతకన్నా ఏం కావాలి?

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది.

"అదేంటో గానీ," వెనకనుంచి ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది, "మీ పెద్దనాన్నయితే వండే రోజుకి నాలుగు రోజుల ముందే వచ్చి పట్టుకెళతాడు. వీళ్ళు నిన్న కొని ఇవాళే వండేస్తారట. డబ్బున్నోళ్ళ వంట కదా, తొందరెక్కువ!"

ప్రూఫమ్మ ఆగింది.

నాలుగు రోజులా? ఎందుకు?

ఆ ప్రశ్నకి తన దగ్గర జవాబు ఉండాలి. ఎందుకంటే ఆ దుంపకూర ఎలా వండాలో రాసింది తనే. అచ్చు వేయించిందీ తనే. పుస్తకం చూసి ఇవాళ ఆ హోటల్లో నూట ఇరవై మందికి వండుతున్నారు.

ప్రెస్సులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు చూస్తోంది కాబట్టి ప్రూఫమ్మ. కామా కింద ధూళి కణం పడినా పట్టేస్తుందని అంటారు. ఇంటి దగ్గర మాత్రం ఆమె కొండ దిగి వచ్చిన మనుషుల బిడ్డ. వాళ్ళ మాట ఇప్పుడు ముగ్గురు ముసలివాళ్ళకే వచ్చు. వాళ్ళ పాటలకి చరణాలు పోయి పల్లవులు మిగిలాయి. చెక్కుచెదరకుండా ఉన్నది తిండి ఒక్కటే. అది కూడా పోకూడదని, రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం పెద్దమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. పుస్తకమైంది. దాన్ని చూసి ప్రభుత్వ సంస్కృతి శాఖ కదిలింది. ఇవాళ ఆ శాఖ ఆఫీసరమ్మ వచ్చి రుచి చూసి సంతకం పెడితే, వాళ్ళ వంట రక్షిత సంపదల జాబితాలోకి ఎక్కుతుంది. తమవాళ్ళ సంఘం ప్రెసిడెంటు తొమ్మిదేళ్ళు చెప్పులరిగేలా తిరిగి సాధించిన రోజు ఇది.

టైము పదకొండుకి పది నిమిషాలు. వడ్డన ఒంటిగంటకి.

ప్రూఫమ్మ మార్కెట్టు మధ్యలోనే ఫోను తీసింది.

"పెద్దమ్మా, మనింట్లో దుంపలు ఎన్ని రోజుల ముందు కొంటారు?"

"నాకేం తెలుసే? నా దగ్గరికొచ్చేసరికి ముక్కలై వస్తాయి. అదంతా మీ పెద్దనాన్న గోల. ఇంకా చీర కూడా కట్టుకోలేదు నేను, ఇప్పుడేంటి నీ యక్షప్రశ్నలు?"

"పెద్దనాన్నకి ఇవ్వు."

"ఆయనకా! నాతోనే నోరు విప్పని మనిషి, ఫోనుతో విప్పుతాడా?"

"పెద్దమ్మా! ఇవ్వు!"

కుర్చీ జరిగిన చప్పుడు. దగ్గు. ఆ తర్వాత పెద్దనాన్న ఊపిరి. ఆయన జీవితమంతా పైపులు బిగించే పని చేశాడు. ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు. డాబా మీద ఆయన పెట్టుకున్న నీలం డ్రమ్ము ఒకటి ఉండేది. పైనుంచి సన్నటి పైపు, అడుగున చిన్న చిల్లు. రాత్రింబవళ్ళు నీళ్ళు పారుతూ ఉండేవి. చిన్నప్పుడు ప్రూఫమ్మ అదేదో ఆయన ఉద్యోగానికి సంబంధించిన సామాను అనుకునేది.

"పెద్దనాన్నా, దుంపలు కొన్నాక ఏం చేస్తావు?"

"కోస్తా. పారే నీళ్ళలో వేస్తా. నాలుగు రోజులు. నురగ రావడం ఆగాలి."

"వెయ్యకుండా వండితే? బాగా ఉడికితే పోదా?"

"ఏం పోదా?"

"అదే... ఆ నురగలో ఉన్నది."

"ఉడికితే పోదు," అన్నాడు పెద్దనాన్న. తర్వాత మెల్లగా, "ఎవరు తింటున్నారు?" అని అడిగాడు.

"నూట ఇరవై మంది. ఒంటిగంటకి."

"ఆపు."

"పెద్దనాన్నా..."

"ఫోను పెట్టెయ్! వెళ్ళి ఆపు!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన తనమీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

టాక్సీ దొరకడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఎక్కగానే ప్రెసిడెంటుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. ఉపన్యాసం దంచుతూ ఉంటాడు. హోటలుకి చేస్తే ఎవరో అమ్మాయి "ఒక్క నిమిషం, లైనులో ఉండండి" అని పాట పెట్టింది. ఆ పాట రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా అయింది, అమ్మాయి మాత్రం రాలేదు.

"అన్నా, కొంచెం తొందరగా!"

"అమ్మా, నా బండికి చక్రాలే ఇచ్చారు, రెక్కలివ్వలేదు," అన్నాడు డ్రైవరు. ముందు బస్సు, బస్సు ముందు లారీ, లారీ ముందు ఎవరో రోడ్డు తవ్వుతున్నారు.

సంచిలోంచి పుస్తకం తీసింది. అరవై రెండో పేజీ. "దుంప ముక్కలు నాలుగు గుప్పిళ్ళు తీసుకుని, వేడి నూనెలో వేసి, అంచులు ఎర్రబడేదాకా తిప్పాలి." ఆ వాక్యాన్ని ఆమె నాలుగుసార్లు ప్రూఫు చూసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఉన్న తప్పునయితే చీకట్లో కూడా పట్టగలదు. కాగితం మీదికే రాని దాన్ని ఎలా పడుతుంది?

ఇప్పుడు తలుచుకుంటుంటే అంతా కళ్ళకి కట్టినట్టుంది. తమ ఇళ్ళల్లో పొయ్యి దగ్గరికి మగవాడు రాడు. నీళ్ళ దగ్గరికి ఆడది పోదు. దుంపలు తేవడం, కోయడం, నానేయడం, పిండటం మగవాళ్ళు చూసుకుంటారు. ముక్కలు పళ్ళెంలో పోసి వంటింటి గడప మీద పెట్టి వెళ్ళిపోతారు. అక్కణ్ణుంచి ఆడవాళ్ళ పని. ఒకరి పని ఇంకొకరు అడగరు, చెప్పరు. అదొక మర్యాద. ప్రూఫమ్మ రెండేళ్ళు పదకొండు మంది ఆడవాళ్ళ దగ్గర కూర్చుని రాసుకుంది. ఒక్క మగవాణ్ణీ అడగలేదు. వంట గురించి మగవాళ్ళనేం అడుగుతారు?

"అన్నా, ఇక్కడ దింపెయ్. నేను నడిచి పోతా."

నడవలేదు. పరిగెత్తింది. యాభై దాటిన మనిషి, చేతిలో సంచి, కాలికి కొత్త చెప్పులు. రెండో సందు మలుపులో ఒక చెప్పు తెగింది. రెండోది కూడా అక్కడే వదిలేసింది.

హోటలు వంటగదిలోకి వెనక తలుపునుంచి వెళ్ళేసరికి పన్నెండున్నర. ఆవిరి, గిన్నెల మోత, అరుపులు. వంటమాస్టరు పొయ్యి పైన గోడకి, నూనె పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆమె పుస్తకం వేలాడదీశాడు.

"రండి రండి, పుస్తకం అమ్మగారూ! ఇదేంటి, చెప్పుల్లేకుండా వచ్చారు? మీ కూర చూడండి. అక్షరం పొల్లు పోలేదు. మీరు నాలుగు గుప్పిళ్ళంటే నాలుగే..."

"అది వడ్డించొద్దు."

"ఏంటీ?"

"దుంపకూర. దింపెయ్యండి. ఎవరికీ పెట్టొద్దు. దుంపలు నాలుగు రోజులు నీళ్ళలో ఉండాలి."

వంటమాస్టరు గరిటె చేత్తో పట్టుకునే నవ్వాడు. "అలా అని మీరెక్కడ రాశారమ్మా? ముప్ఫయ్యేళ్ళ సర్వీసు నాది. పచ్చి కూర పెట్టానంటే నమ్మేవాడుండడు. కావాలంటే నొక్కి చూడండి, వెన్నలా ఉడికింది."

"ఉడికినా పోదట. మీరు రుచి చూశారా?"

"ఉప్పు చూడకుండా పొయ్యి దింపుతానా?"

"ఎంత తిన్నారు?"

"రెండు గరిటెలు. బాగుందని ఇంకో ముక్క..." ఆయన ఆగాడు. నాలుకతో పెదవి తడుపుకున్నాడు. మళ్ళీ తడుపుకున్నాడు. "నాలుక కొంచెం మొద్దుబారినట్టుంది. మీవాళ్ళ మసాలా ఘాటేమో అనుకున్నా."

"ఘాటు కాదు మాస్టరూ. కూర్చోండి. కదలకండి. ఎవరైనా అంబులెన్సుకి ఫోను చెయ్యండి!"

వంటగది ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. కుక్కరు ఒకటి మాత్రం ఏమీ పట్టనట్టు ఈల వేసింది. మాస్టరు నుదుటి మీద చెమట బిందువులు కట్టింది. గరిటె జారి నేలమీద పడింది. ఇద్దరు ఆయన్ని పట్టుకుని బయటి వరండాలోకి నడిపించారు. గుమ్మం దాటకుండానే ఆయన వాంతి చేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, ముందు తలుపునుంచి సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబుకి కాగితం పువ్వు.

"ఏమ్మా, ఎక్కడున్నావు? ఆఫీసరమ్మ నీకోసం అడుగుతోంది! అతిథులు చేతులు కడుక్కుంటున్నారు. ఇదేంటి, మాస్టరుకేమైంది?"

ప్రూఫమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. ప్రెసిడెంటు ముఖంలో రంగు దిగిపోయింది. కానీ తొమ్మిదేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. బుర్ర ఆగలేదు. ఆమెని చెయ్యి పట్టుకుని కూరగాయల బస్తాల వెనక్కి తీసుకుపోయాడు.

"సరే. విను. దుంపకూర అయిపోయిందని చెబుదాం. మిగతా పన్నెండు రకాలున్నాయిగా, వాటితో కానిచ్చేద్దాం. మాస్టరుకి ఎండదెబ్బ. అంతే."

"మావయ్యా, బయట బల్ల మీద పుస్తకాలు అమ్ముతున్నారు."

"రేపు చూసుకుందాం."

"కొన్నవాళ్ళు ఇవాళ సాయంత్రమే వండుకుంటే?"

"అమ్మా, నీకు దండం పెడతాను." ఆయన నిజంగానే చేతులు జోడించాడు. "మన తిండిలో విషముందని ఇవాళ నువ్వు ఒక్క మాటంటే, మనవాళ్ళ పరువు బజారున పడుతుంది. జాబితా మాట దేవుడెరుగు, రేపటినుంచి మన పిల్లల క్యారియరు చూసి బడిలో పక్క బెంచీవాడు జరిగి కూర్చుంటాడు. మా నాన్న బతికినంతకాలం అలాగే జరిగి కూర్చున్నారు. నీకు తెలీదా?"

ఆమెకి తెలుసు. ఆమె పక్కనా జరిగి కూర్చున్నారు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆయన చెప్పినట్టే చేస్తే ఏం పోతుందనిపించింది. కూర పారబోస్తారు. ఎవరూ చావరు. సంతకం పడుతుంది. పుస్తకాల సంగతి రేపు మెల్లగా...

"ఈ కూర ఇంకెక్కడికైనా వెళ్ళిందా?" అని అడిగింది ఎందుకో.

జవాబు ప్రెసిడెంటు చెప్పలేదు. గిన్నెలు తోమే అతను చెప్పాడు. "వెళ్ళిందమ్మా. క్యారియరు కట్టించారుగా సారు. ముఖ్య అతిథిగారు వేరే పనుండి ముందే వెళ్ళిపోయారని, వాళ్ళింటికి పంపించారు. అరగంటైంది."

ప్రెసిడెంటు కళ్ళు మూసుకున్నాడు.

"మావయ్యా, ఫోను తియ్యి."

"వాళ్ళింట్లో బోలెడు రకాలుంటాయి. ఇది తింటారో లేదో..."

"తియ్యి!"

తీశాడు. అటునుంచి ఆడగొంతు. ఫోను స్పీకరులో గట్టిగానే వినిపిస్తోంది. వెనకాల పళ్ళేల చప్పుడు.

"నమస్కారమమ్మా, నేను సంఘం ప్రెసిడెంటుని. క్యారియరు అందిందాండీ?"

"అందిందండీ, చాలా సంతోషం! ఇప్పుడే వడ్డించుకుంటున్నాం."

"అదే... అందులో దుంపకూర ఉంది చూశారూ. దాంట్లో ఉప్పు కొంచెం ఎక్కువైందట. దాన్ని పక్కన పెట్టేస్తే..."

"అయ్యో, ఉప్పేగా! పెరుగు కలిపితే సర్దుకుంటుంది. మా అత్తయ్యకి దుంపలంటే ప్రాణం, ముందు అదే వేయించుకున్నారు."

ప్రెసిడెంటు నోరు తెరిచాడు. "ఉప్పు కాదండీ, కారం..." అన్నాడు.

ప్రూఫమ్మ ఫోను లాక్కుంది.

"అమ్మా, అది విషం! తిననివ్వకండి! నీళ్ళలో నానని దుంప, తింటే మనిషి పోతాడు! ముద్ద ఆపండి!"

అటునుంచి, "అత్తయ్యా! ఆగండి! అత్తయ్యా!" అన్న కేక. కుర్చీ పడిన చప్పుడు. పళ్ళెం నేలమీద గిర్రున తిరిగి తిరిగి ఆగిన చప్పుడు.

ప్రూఫమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"నోటిదాకా వెళ్ళింది," అంది ఆ ఆడగొంతు చివరికి, రొప్పుతూ. "నోట్లో పెట్టుకోలేదు. చెయ్యి కొట్టేశాను. ఎవరండీ మీరు? ఏం పంపించారండీ మాకు?"

"పుస్తకం రాసింది నేనే. తప్పు నాదే. చేతులు బాగా కడిగించండి. మళ్ళీ ఫోను చేస్తాను."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే, వంటగది గుమ్మంలో ఆఫీసరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. చేతిలో సంస్కృతి శాఖ ఫైలు, వేళ్ళ మధ్య మూత తీసిన పెన్ను.

"విషం అన్నారు. నేను సరిగ్గానే విన్నానా?"

ప్రెసిడెంటు బంగాళాదుంపల బస్తా మీద కూలబడ్డాడు.

"సరిగ్గానే విన్నారు," అంది ప్రూఫమ్మ.

అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. చెబుతుండగానే అంబులెన్సు వచ్చింది, మాస్టరుని ఎక్కించుకుంది. స్ట్రెచరు మీద పడుకుని కూడా ఆయన, "గోడ మీద ఆ పుస్తకం తీసెయ్యండ్రా," అని అరిచాడు. అరవగలిగాడంటే ఫరవాలేదేమో అనుకుంది ప్రూఫమ్మ.

వెనక తలుపునుంచి పెద్దమ్మ, పెద్దనాన్న వచ్చారు. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు సగం ఊడి ఉన్నాయి. పెద్దనాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా గుండిగల దగ్గరికి పోయి, వంగి, వాసన చూశాడు. ఒక ముక్కని వేళ్ళతో చిదిమి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"దీన్ని కాలవలో పొయ్యొద్దు. కుక్కలు తింటాయి. గొయ్యి తవ్వాలి," అన్నాడు.

"నీకిదంతా తెలిస్తే నాకెప్పుడూ చెప్పలేదేం?" అని పెద్దమ్మ ఆయన మీద విరుచుకుపడింది. "యాభై ఆరేళ్ళు వండాను! యాభై ఆరేళ్ళు! చేతిలో చావు పట్టుకుని తిప్పుతున్నానని ఒక్క మాట చెప్పావా?"

"ఆ విషం నా చేతిలో పోయాకే నీ చేతికిచ్చేవాణ్ణి," అన్నాడాయన.

ఆఫీసరమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది. "పెద్దాయనా, ఇంతకుముందు ఎవరికైనా ఇలా జరిగిందా?"

"కొండ మీద ఉన్నప్పుడు. మా మేనత్త కొడుక్కి. వాళ్ళ నాన్న జ్వరంతో పడుంటే, వీడు రెండో రోజే ముక్కలు తీసేశాడు. తిని పోయాడు. బయటికి పొక్కనివ్వొద్దన్నారు పెద్దలు. పొక్కనివ్వలేదు." పెద్దనాన్న ప్రెసిడెంటు వైపు చూడలేదు. చూడనవసరం లేకపోయింది. "పది రోజులకి కింది వాడలో ఇంకో ఇంట్లో ఇద్దరు పోయారు."

ప్రెసిడెంటు తల ఎత్తలేదు. చొక్కాకున్న కాగితం పువ్వు ఎప్పుడు తీశాడో, గుప్పిట్లో నలిగి ఉంది.

"నేనివాళ సంతకం పెట్టలేను," అంది ఆఫీసరమ్మ. "ఎప్పటికైనా పెడతానో లేదో చెప్పలేను. ప్రాణాపాయం ఉన్న వంటకి అడ్డు చెప్పేవాళ్ళు మా ఆఫీసులోనే పదిమంది ఉంటారు. నేను రాసే రిపోర్టులో ఇది ఉంటుంది."

"ఉండాలి," అంది ప్రూఫమ్మ. చెప్పేశాక గానీ దాని బరువు తెలియలేదు. తొమ్మిదేళ్ళు. కానీ దుఃఖపడే తీరిక లేదు.

హాల్లోకి నడిచింది, ఉత్త కాళ్ళతోనే. నూట ఇరవై మంది ఖాళీ పళ్ళేల ముందు కూర్చుని గుసగుసలాడుతున్నారు. మైకు తీసుకుంది. చెప్పాల్సింది చెప్పింది. గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో లేచి వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే ఇంకో నలుగురు.

"పుస్తకం కొన్నవాళ్ళు దయచేసి అరవై రెండో పేజీ తియ్యండి. చించెయ్యండి. చించి నాకివ్వండి."

ముందెవరూ కదల్లేదు. ఆమె తన పుస్తకం తెరిచి, అందరూ చూస్తుండగా, తను నాలుగుసార్లు దిద్దిన పేజీని మొదలంటా చింపింది. అప్పుడు హాలంతా చర్రు చర్రుమని మొదలైంది. ఇరవై రెండేళ్ళలో కాగితం అలా చప్పుడు చెయ్యడం ఆమె వినలేదు. తమవాళ్ళలో ఒక కుర్ర కోడలు పేజీ ఇస్తూ, "అక్కా, మా మావయ్య పోయి ఏడాదైంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ కూరే లేదు. ఈ పేజీ చూసి నేనే దుంపలు కొని వండుదామనుకున్నా, వచ్చే ఆదివారం," అంది.

లేచి వెళ్ళినవాళ్ళెవరూ పుస్తకం కొనలేదు, ఇవాళ అమ్ముడుపోయిన వాటి పేజీలన్నీ దొరికాయి. కానీ పోయిన వారమే సంఘంలో ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి పుస్తకం పంచారు. సగం ఇళ్ళలో ముసలివాళ్ళు లేరు. ఈ రోజు సెలవు. సెలవు రోజు ఎవరింట్లో ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో!

ప్రెసిడెంటు మారు మాట్లాడకుండా జేబులోంచి సభ్యుల చిరునామాల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సగం నాకివ్వు. నేను ఫోన్లు చేస్తా," అన్నాడు. "ఈసారి ఉప్పూ కారం అననులే."

టాక్సీలో వెనక సీట్లో పెద్దనాన్న ముందే ఎక్కి కూర్చున్నాడు.

"నేనూ వస్తా. మగాళ్ళకి నేను చెబుతా. ఆడాళ్ళకి నువ్వు చెప్పు."

"అలా వద్దు పెద్దనాన్నా. అలా చెప్పుకునే కదా ఇక్కడిదాకా వచ్చింది."

ఆయన జరిగి ఆమెకి పక్కన చోటిచ్చాడు.

చిరునామాల్లో మొదటి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. పెద్దనాన్న ప్రతి మెట్టు దగ్గరా ఆగుతుంటే, ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది. తలుపు కొట్టకముందే సందులోంచి వేగిన నూనె వాసన వచ్చింది. ప్రూఫమ్మ గంట నొక్కింది. ఆగకుండా నొక్కింది.

తలుపు తీసింది ఇల్లాలు. చేతిలో గరిటె.

"మీ ఆయన్ని కూడా పిలవమ్మా," అన్నాడు పెద్దనాన్న రొప్పుతూ, ప్రూఫమ్మ కంటే ముందే. "ఇద్దరూ రండి. ముందు ఆ పొయ్యి కట్టెయ్."